పెద్ద రోబోని "ఎత్తుకుపోయారు" అనాలా, "తోలుకుపోయారు" అనాలా?

పోస్ట్:

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం నుంచి ఆగిపోయాను, ఇక్కడ రాసేవాళ్లు, బాగా చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పిల్లల కోసం ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను, అందులో ఆరంతస్తుల ఎత్తు రోబో ఉంటుంది, లోపల మనిషి కూర్చుని నడుపుతాడు, ఓ రాత్రి షెడ్డులోంచి అది మాయమైపోతుంది. మొదట "ఎవరో రోబోని ఎత్తుకుపోయారు" అని రాశాను. మా అక్క కూతురు చదివి "అంత పెద్దదాన్ని ఎవరు ఎత్తారు మామయ్యా" అంది. ఊరికే అనలేదు, క్రేన్ సంగతి తను చదవకుండా దాటేసిందేమో అని ముందు పేజీలు మళ్లీ తిప్పి చూసింది. ఆ మాట తనకి తప్పు బొమ్మ చూపించిందన్నమాట.

"దొంగిలించారు" అంటే తప్పేం లేదు కానీ ఏ బొమ్మా కనపడదు. నాకు తట్టింది ఏంటంటే తెలుగులో దొంగతనం ఎలా జరిగిందో క్రియలోనే చెప్పేస్తాం. గద్ద కోడిపిల్లని తన్నుకుపోతుంది, పిల్లి కరుచుకుపోతుంది, బలమున్నవాడు లాక్కుపోతాడు, ఇంట్లో పడ్డవాళ్లు దోచుకుపోతారు, పశువుల్ని మాత్రం తోలుకుపోతారు. ఎందుకంటే పశువుని ఎవరూ మోయరు, దాని కాళ్లతో అదే నడుస్తుంది, దొంగ చేసేదల్లా దాన్ని కదిలించి తన దారిన పెట్టడమే. పెద్ద రోబో కూడా అంతే కదా, దాన్ని మోసే బండి ఇంకోటి అక్కర్లేదు, దాని బలంతోనే దాన్ని పట్టుకుపోవచ్చు. పైగా బండి తోలడం, ట్రాక్టర్ తోలడం అనే వాడుక ఉండనే ఉంది. అందుకే "తోలుకుపోయారు" అందామనుకుంటున్నా.

ఇది మాట మార్చడంతో ఆగలేదు, కథలో సెక్యూరిటీ అంతా మార్చాల్సొచ్చింది. ఎత్తుకుపోయే వస్తువుకి గోడ, గేటు, కాపలా ఉంటే చాలు. తోలుకుపోయే దానికి అవి చాలవు, అది లోపలుంటే గేటు దానికో లెక్కా, తన్నుకుంటూ బయటికొచ్చేస్తుంది. దానికి కావాల్సింది కొత్తవాడు ఎక్కితే కదలకపోవడం. మీరేమంటారు?

కామెంట్:

బాబూ, ఆలోచన బాగుంది కానీ నాకు "తోలుకుపోవడం" చెవికి ఇంకా పశువుల మాటగానే తగులుతోంది, అంత గొప్ప యంత్రానికి "అపహరించారు" అంటే గౌరవంగా ఉంటుంది. అయితే మీ వాదనకి బలం చేకూర్చే మాట ఒకటి నేనే ఇస్తాను. విరాటపర్వంలో దక్షిణ గోగ్రహణం, ఉత్తర గోగ్రహణం ఉన్నాయి కదా, అక్కడ సుశర్మ గానీ కౌరవులు గానీ చేసింది ఆవుల మందల్ని పట్టి తోలుకుపోవడమే. దానికి అపహరణ అనకుండా గ్రహణం అన్నారు చూడండి, గ్రహణం అంటే పట్టడం. కావాలంటే యంత్రగ్రహణం అని ఓ సమాసం చేసుకోవచ్చు, అధ్యాయానికి పేరుగా పనికొస్తుంది.

పోస్ట్ పెట్టినవారు:

గురువుగారూ, యంత్రగ్రహణం చాలా బాగుంది, అధ్యాయం పేరు అదే పెడతాను. అపహరణ విషయంలో మాత్రం ఒక్క సందేహం, ఇప్పుడు వార్తల్లో అపహరణ అంటే మనిషిని కిడ్నాప్ చేయడం అనే ముందు స్ఫురిస్తోంది, సీతాపహరణం కూడా అదే అర్థం. అందుకని టీవీలో వార్త చదివే పాత్ర చేత "రోబో అపహరణ" అనిపిస్తాను, షెడ్డులో మెకానిక్ చేత "తోలుకుపోయారు" అనిపిస్తాను. ఒకే సంఘటన ఇద్దరి నోట రెండు రకాలుగా వస్తే అది వాళ్ల వాళ్ల భాషే అవుతుంది.

కామెంట్:

అన్నా, నేను కార్లకి సెక్యూరిటీ సిస్టమ్స్ బిగించే పని చేస్తా, పైగా చిన్నప్పటి నుంచి జపాన్ రోబో కథల పిచ్చి, అందుకే ఆగలేక రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది. మీరు కథలో "తాళం" అని రాస్తే ముందు అదే ఇబ్బంది, మనోళ్లు లాకుకీ తాళమే అంటారు కీకీ తాళమే అంటారు, "రోబో తాళం పోయింది" అంటే ఏది పోయినట్టు? కొన్ని ప్రాంతాల్లో లాకుని బీగం అంటారు, కీని తాళంచెవి అంటే గొడవ లేదు. నాకైతే ఆ "చెవి" అనే మాట ఇక్కడ భలే నచ్చుతుంది, 1967లో జపాన్ టీవీలో వచ్చిన జెయింట్ రోబోలో ఆ రోబో ముందుగా రికార్డయిన పిల్లాడి గొంతుకే పలుకుతుంది, అతని చేతి వాచీలోంచి ఆజ్ఞ వెళ్తుంది. గొంతు విని కదిలే యంత్రానికి తాళంచెవి నిజంగా చెవే అయింది కదా.

అంతకుముందు 1956లో మొదలైన టెట్సుజిన్ 28 మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథలో, ఇలాంటిదేం లేదు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటే రోబో వాళ్లదే, మంచీ చెడూ రిమోట్ పట్టుకున్నవాడిని బట్టి. అది మీరన్న తోలుకుపోవడానికి అసలైన ఉదాహరణ. 1972 మజింగర్ జెడ్‌లో ఇంకో పద్ధతి, హీరో చిన్న విమానంలో వచ్చి దాంతో సహా రోబో తలలో దిగుతాడు, ఆ చిన్న బండే కాక్‌పిట్టు, అది లేకపోతే దొంగ ఎక్కడానికి సీటే లేదు. నన్నడిగితే అన్నిట్లోకీ తెలివైన తాళం అదే, ఎందుకంటే కీలకమైన భాగాన్నే విడిగా తీసి వేరేచోట దాచిపెట్టారు.

కార్లలో ఇమ్మొబిలైజర్ అని ఉంటుంది, తాళంచెవి తలకాయలో చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు, తాళం తిప్పే చోట చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదువుతుంది, నంబర్ కలవకపోతే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ని నడవనివ్వదు. అంటే తలుపు తెరుచుకున్నా, అద్దం పగలగొట్టి లోపల కూర్చున్నా బండి కదలదు. దీనికి తెలుగు మాట వెతకక్కర్లేదన్నా, "ముందరికాళ్లకి బంధం" అంటాం కదా, అచ్చంగా అదే. పశువు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మేత మేస్తుంది, పరిగెత్తలేదు అంతే.

కామెంట్:

పైన తమ్ముడు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. బంధంతో పాటు పలుపు కూడా కావాలి మీ కథకి. 1995 జపాన్ కార్టూన్ సీరియల్ ఎవాంజెలియన్‌లో ఆ భారీ దేహాలకి వెనక కరెంటు కేబుల్ ఉంటుంది, అది ఊడిందంటే లోపలి బ్యాటరీ 5 నిమిషాలే. ఎవడైనా తోలుకుపోయినా పలుపు తెగిన 5 నిమిషాలకి నడి వీధిలో నిలబడిపోతుంది. దాన్ని దొంగల కోసం పెట్టలేదు గానీ పని మాత్రం చేస్తుంది. అలాగే 2013 హాలీవుడ్ సినిమా పసిఫిక్ రిమ్‌లో ఇద్దరి మెదళ్లు కలిస్తేనే నడుస్తుంది, ఒంటరిగా నడిపినవాడి ఒళ్లు తట్టుకోదు. దానికి "కాడి" అనే మాట వాడి చూడండి, ఇద్దరూ కాడి కిందికి రావాలి, ఒంటెద్దుతో సాగదు. ఒక్క దొంగ చాలడు, ఒకరి మనసులో ఒకరు దూరగలిగే ఇద్దరు దొంగలు కావాలి, అది దొరకడం కష్టం.

పైలట్‌కి కూడా నా దగ్గర ఓ మాట ఉంది, మావటి. ఏనుగుకి తాళం ఉండదు, దానికి తెలిసిన మనిషి ఉంటాడు. కొత్తవాడు అంకుశం పట్టుకున్నంత మాత్రాన అది మోకాలు వంచదు, మాలిమి కావాలి. హెల్మెట్ పైలట్ మెదడుకి అలవాటు పడి వేరేవాళ్లకి పనిచేయకపోవడం అని కథల్లో రాస్తారు చూడండి, అదంతా "మాలిమి" అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

పోస్ట్ పెట్టినవారు:

అక్కా, పలుపు, కాడి, మావటి, మాలిమి, నాలుగూ రాసుకున్నా, నిజంగా మీకు రుణపడ్డాను. కానీ మాలిమి దగ్గరే నాకు భయం కూడా ఉంది. రోబో ఒక్కడికే లొంగితే ఆ ఒక్కడు గాయపడి పడిపోయిన రోజు ఏం చేస్తారు? నిజం సైన్యాల్లో టాంకులకి కారుకి ఉన్నట్టు తాళంచెవి పెట్టకపోవడానికి కారణం అదే అనిపిస్తుంది, యుద్ధంలో తాళం ఎవరి జేబులో ఉందో వెతుక్కుంటూ కూర్చోలేరు, డ్రైవర్ పోతే పక్కవాడు ఎక్కి నడపాలి. దాని ఫలితం 1995లో అమెరికా శాన్ డియేగోలో కనపడింది, ఒకతను సైనిక ఆవరణలోకి వెళ్లి ఒక టాంకు స్టార్ట్ చేసి వీధుల్లోకి తోలుకుపోయాడు, కార్లని తొక్కుకుంటూ 20 నిమిషాలకి పైగా తిరిగాడు. దాని గురించి చదివినప్పుడే నాకు "తోలుకుపోవడం" మీద నమ్మకం కుదిరింది, అక్కడ ఇంకో క్రియ పెట్టి చూడండి, కుదరదు.

1979 జపాన్ కార్టూన్ సీరియల్ గండమ్‌లో కూడా అదే, పదిహేనేళ్ల అమూరో దాడి జరుగుతుంటే ఎవరూ లేని ఆ 18 మీటర్ల యంత్రంలోకి ఎక్కి, మాన్యువల్ చూసుకుంటూ నడిపేస్తాడు. గట్టి బంధం ఉండుంటే అక్కడున్న జనానికి దిక్కెవరు? అంటే అదే తెరిచి ఉన్న తలుపు దొంగకీ పనికొస్తుంది, ఆపదలో ఉన్న పిల్లాడికీ పనికొస్తుంది. తాళం ఎంత గట్టిగా వేయాలి అనేది నా కథలో షెడ్డు అధికారికీ మెకానిక్‌కీ మధ్య గొడవ అవుతుంది, ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఎవరినీ వెర్రివాడిగా చూపించను.

కామెంట్:

ఒక్క ప్రశ్న అండీ. మావటే తోలుకుపోతే? వేలిముద్ర, గొంతు, మాలిమి అన్నీ అతనివే. 1976 సెప్టెంబర్ 6న సోవియట్ పైలట్ బెలెంకో తన మిగ్-25 యుద్ధవిమానాన్ని జపాన్‌లో హకొడాటేకి తీసుకెళ్లి దింపాడు. ఏ తాళమూ అతన్ని ఆపదు, ఎందుకంటే తాళం తెరవాల్సింది అతని కోసమే. దీనికి తోలుకుపోయాడు అనరు కదా?

పోస్ట్ పెట్టినవారు:

అనరండీ, మీరు సరిగ్గా పట్టుకున్నారు. తనకి అప్పగించినదాన్ని తీసుకుని మాయమైతే "ఉడాయించాడు" అంటాం. డబ్బుతో ఉడాయించాడు, బండితో ఉడాయించాడు. చూడండి, ఇక్కడ వస్తువుకి "తో" చేరింది, తోలుకుపోయినప్పుడు "ని" ఉంది. దొంగ రోబోని తోలుకుపోతాడు, పైలట్ రోబోతో ఉడాయిస్తాడు. ఒకచోట అది సొమ్ము, ఇంకోచోట తోడు. ఇంత తేడా ఒక్క విభక్తిలో ఉందని మీరు అడిగేదాకా నాకు తెలియలేదు, రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

దీంతో కథే మారిపోయింది. మెకానిక్‌కి మొదట దొంగ ఎవరో తెలియదు కాబట్టి "తోలుకుపోయారు" అంటాడు, తర్వాత బంధం పగలలేదని, మామూలుగానే విప్పి ఉందని చూస్తాడు, అప్పుడు క్రియ మారుస్తాడు. నిన్న ఆ పేజీ ఇలా రాశాను:

"అయ్యా, మూడో నంబరు లేదు. తోలుకుపోయారు. అడుగులు గేటు దాకా ఉన్నాయి."

అధికారి టార్చి కిందికి దించాడు. ఒక్కో అడుగు గుంటలో అప్పటికే నీళ్లు ఊరుతున్నాయి. మెకానిక్ వంగి కాళ్ల బంధం చేతిలోకి తీసుకున్నాడు, చీలలు వరసగా పక్కన పెట్టి ఉన్నాయి, నూనె గుడ్డతో తుడిచి మరీ. అలా తుడిచేది ఒక్కరే.

"కాదయ్యా," అన్నాడు చాలాసేపటికి. "మన పైలటమ్మే దాంతో ఉడాయించింది."