అనంతపురం నుంచి బెంగళూరుకు కాపురం మారిస్తే: పన్నులు, బాడుగ, బండి లెక్క

టవర్‌క్లాక్ సెంటర్ అనే పేరుతో ఒకరు అడిగినది:

అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురంలో ఇప్పుడు చేతికి 52,000 వస్తోంది, ఇంటి బాడుగ 9,000. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఆఫరు వచ్చింది. సీటీసీ (కంపెనీ నాకు ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 11 లక్షలు, చేతికి నెలకు 78,000 అంటున్నారు. అక్కడ డబుల్ బెడ్‌రూం ఇంటికి 28,000 బాడుగ, 3,500 మెయింటెనెన్సు, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. 2022 పెట్రోలు కారుంది, ఇన్‌వాయిస్ 8.4 లక్షలు, ఏపీ నంబరు, లోను ఇంకా ఉంది. పెద్దోడు జూన్‌లో తొమ్మిదో తరగతికి, చిన్నది ఐదుకి వస్తారు. కర్ణాటకలో పన్నులు చానా ఎక్కువని అందరూ బెదరగొడుతున్నారు. లెక్కలో ఏమేం వేసుకోవాలి?

లెక్కల పుస్తకం:

పన్ను గురించి భయం వదిలేయండి, తేడా అక్కడ లేదు. ఆదాయపు పన్ను కేంద్రానిది, ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే. కొత్త విధానంలో జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల దాకా పన్ను సున్నా. అందుకే "బెంగళూరు బాడుగకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి బాడుగ భత్యం) మినహాయింపు వస్తుంది గదా" అని పాత విధానంలోకి పోకండి. కట్టాల్సిందే లేనప్పుడు మినహాయింపు దేనికి?

రాష్ట్రం జీతంలోంచి పట్టేది వృత్తి పన్ను ఒక్కటే. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 దాటకూడదు. ఏపీలో 20,000 పైన జీతానికి నెలకు 200, అంటే 2,400. కర్ణాటకలో 25,000, ఆ పైన జీతానికి నెలకు 200, ఫిబ్రవరిలో మాత్రం 300, మొత్తం 2,500. మిమ్మల్ని బెదరగొడుతున్న పన్ను తేడా ఏడాదికి వంద రూపాయలు.

పెట్రోలు అక్కడే చవక. మన దగ్గర 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి వైపు బంకుల్లో ఏపీ బండ్లు నిలబడేది అందుకే.

అసలు దెబ్బ బాడుగ. 31,500 లోంచి 9,000 తీసేస్తే 22,500 అదనం. జీతం పెరిగేది 26,000. మిగిలిన 3,500 లోనే ఇద్దరి స్కూలు ఫీజుల తేడా, స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకరు, పాలు, కూరగాయలు అన్నీ సర్దాలి. సర్దలేరు. అడ్వాన్సు 1,68,000 వడ్డీ లేకుండా ఇరుక్కుంటుంది, 7 శాతం వేసినా నెలకు 980 పోయినట్టే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల బాడుగ కోసుకునే అలవాటు బెంగళూరులో బాగా ఉంది. ఎంత కోస్తారో అగ్రిమెంటులో అంకెల్లో రాయించండి.

ఇంకో మాట. ఆ 78,000 లో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) కలిపి చెప్పారా, విడిగానా? ఆఫరు లెటరులో నెలవారీ విడివిడి లెక్క అడిగి తీసుకోండి. కంపెనీ వైపు పీఎఫ్, గ్రాట్యుటీ సీటీసీలోనే ఉంటాయి, చేతికి రావు.

కరెంటుకు కొంచెం ఊరట ఉంది. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతికి బాడుగదారు కూడా ప్రభుత్వ వెబ్‌సైటు సేవాసింధులో ఆధార్, మీటరు ఆర్‌ఆర్ నంబరు (కనెక్షను నంబరు) ఇచ్చి చేరొచ్చు. కానీ "200 యూనిట్లు ఫ్రీ" అని నమ్మి దిగకండి. కొత్తగా దిగినవాళ్లకు 53 యూనిట్ల సగటు మీద 10 శాతం కలిపి నెలకు 58 యూనిట్లే. ముందున్నవాళ్లు తమ ఆధార్ తీసేయకపోతే అదీ ఎక్కదు.

బాగేపల్లి టోల్:

కారు సంగతి నేను చెప్తా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 47. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఆ రోజు కర్ణాటక లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. 5 నుంచి 10 లక్షల కారుకు రేటు 14 శాతం, ఆ పన్ను మీద 11 శాతం సెస్సు. 8.4 లక్షలకు 1,17,600 + 12,936. పాత బండి గనక వయసును బట్టి కొంత తగ్గుతుంది, అయినా లక్షకు అటూ ఇటూ పెట్టుకోండి.

వరస ఇది: ముందు చలానాలన్నీ కట్టేయాలి. లోను ఉంది కాబట్టి బ్యాంకు సమ్మతి పత్రం కావాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ బతికుండాలి. తర్వాత ఫారం 28, ఛాసిస్ నంబరు పెన్సిలు ముద్రతో, అనంతపురం ఆర్టీఓలో ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి). బెంగళూరు ఆర్టీఓలో ఫారం 27 (కొత్త నంబరుకు దరఖాస్తు), చిరునామా రుజువు, బండి చూపించడం, పన్ను. కొత్త ఆర్‌సీ వచ్చాక దాని నకలుతో అనంతపురంలో మిగిలిన కాలానికి లైఫ్ ట్యాక్సు వాపసు అడగండి. చానామంది ఇది మర్చిపోతారు. ఇన్సూరెన్సులోనూ ఫాస్టాగులోనూ కొత్త నంబరు ఎక్కించాలి, లేకుంటే క్లెయిము రోజు గొడవ.

ఎక్కువమంది చేసే తప్పు, ఎన్‌ఓసీ వేరే ఆర్టీఓ పేరుతో తీసుకోవడం. బెంగళూరుకు ఆర్టీఓ ఒక్కటి కాదు. కేఆర్ పురం కేఏ 53, యలహంక కేఏ 50, ఎలక్ట్రానిక్ సిటీ కేఏ 51. ఇల్లు ఖాయమయ్యాకే ఎన్‌ఓసీకి పోండి.

కంపెనీకి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులుంటే బీహెచ్ సిరీసు (రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని నంబరు) అడగొచ్చు. ఫారం 60 కంపెనీ ఇస్తుంది, పన్ను రెండేళ్లకోసారి. మీ కారు ఒక్కదానికి ఇంత తిప్పలెందుకు, ఊర్లో పెట్టేసి పోవడమే మేలు అని నా మాట.

చిత్రావతి:

డబ్బు లెక్క అందరూ వేశారు, పెద్దోడి లెక్క ఎవరూ వేయలేదు. ఏపీలో ఇంజనీరింగు లాంటి కాలేజీ సీట్లకు రాజ్యాంగం 371డి అధికరణం కింద స్థానికత చూసేటప్పుడు అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు ముఖ్యం. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మనది ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధి. తొమ్మిదిలో బెంగళూరు పోతే 85 శాతం లోకల్ సీట్ల నుంచి జారిపోతాడు. కర్ణాటక సీఈటీలో (అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష) మామూలు నిబంధన ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లు అక్కడ చదివుండాలి, వాడికి నాలుగే అవుతాయి. రెంటికీ చెడ్డ రేవడి. చిన్నదానికి ఐదు నుంచి పన్నెండు వరకు ఎనిమిదేళ్లు, ఇబ్బంది లేదు.

టవర్‌క్లాక్ సెంటర్:

ఈ స్థానికత మాట ఎవరూ చెప్పలేదక్కా, సంతోషం. అయితే ఇంటోళ్లను ఇక్కడే ఉంచి నేను ఒక్కణ్ణే పీజీలో (పేయింగ్ గెస్టు హాస్టల్లో) ఉంటే? లేదా కాపురం హిందూపురంలో పెట్టి రోజూ రైల్లో తిరిగితే?

చిత్రావతి:

హిందూపురం కూడా ఎస్వీయూ పరిధే, పిల్లోడికి నష్టం లేదు. కానీ రైళ్లు యలహంక వైపు దిగుతాయి, మీ ఆఫీసు వైట్‌ఫీల్డ్. రోజూ అంటే వద్దు తమ్ముడూ.

పీజీకి భోజనంతో 12,000, వారం వారం ఊరికి రాకపోకలు 3,000 వేసుకున్నా 26,000 లో 11,000 మిగులుతుంది. వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా సిటీ రైల్వేస్టేషన్ దగ్గర దిగొచ్చు, శుక్రవారం సాయంత్రం రోడ్డు మీద ఇరుక్కోనక్కర్లేదు. ఆధార్ చిరునామా మాత్రం మార్చొద్దు, మీ ఇంటావిడ స్త్రీశక్తి బస్సుకు (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం) ఏపీ చిరునామా ఉండాలి. పెద్దోడికి ఆరు నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడాదివి ఆ ఏడాదే తీసి పెట్టండి. కౌన్సెలింగు వారంలో పాత స్కూలు చుట్టూ తిరగడం మహా కష్టం.