సమస్యాపూరణం: రెండు గిత్తల కోడెను రేసుకారు

ఈ వారం తేటగీతిలో ఇచ్చిన సమస్య, అంటే కవులు ముందు మూడు పాదాలు కూర్చి పూరించవలసిన చివరి పాదం, ఇది:

*రెండు గిత్తల కోడెను రేసుకారు*

దీని పుట్టుకను ముందుగా చెప్పాలి. చీమకుర్తికి దగ్గరలోని మా ఊరి గుడివీధిలో, కోతలో మిగిలిన గ్రానైటు ముక్కలను ఎగుడుదిగుడుగా పరిచి చాలా కాలమైంది. గత మాఘమాసంలో ఒక పెండ్లికి బెంగుళూరు నుండి వచ్చిన బంధువు తన రేసుకారును ఆ వీధిలోనికి తిప్పగా, ప్రతి రాతికీ కారు అదిరిపడుతూ, అడుగుభాగం రాళ్లకు ఒరుసుకుంటూ, ఇరవై గజాలు సాగడానికే ఆయనకు చెమటలు పట్టాయి. వెనుకనుండి వచ్చిన ఎడ్లబండి ప్రక్కగా దాటి వెళ్లిపోయింది. ఆ సాయంకాలమే ఈ పాదం కుదిరింది.

రెండు గిత్తలకు రేసుకారు ఓడిపోయిందని పాదానికి అర్థం. "గిత్తలకు ఓడెను" అన్నప్పుడు నడుమ నకారం రావాలి కదా అని కొందరు సందేహించారు. ప్రథమేతర విభక్తిలోని ఉకారానికి సంధి వైకల్పికం గనుక "గిత్తలకు నోడెను" అన్నా, "గిత్తలకోడెను" అన్నా సాధువే.

మొదటి పూరణ కందుకూరు మిత్రులది:

గుండురాళ్ళను పరచిన కొండవీధి
నడుగు తగులునో యని మది నదరి యదరి
మెల్లమెల్లగ నడువఁగ, మీఱి సాగు
రెండు గిత్తల కోడెను రేసుకారు.

ధార చక్కగా ఉన్నది. "అడుగు తగులునో" అన్న భయం కల్పన కాదు. మనం రోజూ నడిపే కార్లకు నేలనుండి అడుగుభాగం వరకు సుమారు 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, ఇటువంటి కార్లకు 100 నుండి 130 వరకే ఉంటుంది. వేగంలో నేలకు అంటుకొని పోవడానికి చేసిన ఆ ఏర్పాటే రాతివీధిలో శత్రువవుతుంది. బండి చక్రం మనిషి నడుము దాటే ఎత్తున ఉంటుంది గనుక రెండు రాళ్ల నడిమి సందులో పడకుండా దొర్లిపోతుంది. ఈ తేడాను వివరించకుండానే "మీఱి సాగు" అన్న రెండు మాటలలో కవి పట్టుకున్నారు. రెండవ పాదంలో "అదరి యదరి" మనసుకూ కారుకూ ఒకేసారి వర్తించడం నాకు మిక్కిలి నచ్చింది.

తరువాతిది చీమకుర్తి క్వారీలో పనిచేసే తమ్ముడు పంపినది:

పలుచ టైరది పగిలెను, బండ యంచు
చక్రమును గోయఁ గదలక చతికిలఁబడె;
గొలుసు తగిలించి లాగిన బలిమి గల్గు
రెండు గిత్తల కోడెను రేసుకారు.

మూడవ పాదంలోని ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాల పోలిక: గొలుసు, బలిమి) సరిగా కుదిరింది. "చతికిలఁబడె" మన నేల పలుకుబడి. అయితే, తమ్ముడూ, "చక్రమును గోయ" అన్నది వస్తువుకు సరిపడదు. రాతి అంచు చక్రాన్ని కోయదు. 245 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పులో 35 శాతం ఎత్తు ఉన్న టైరును తీసుకుంటే దాని ప్రక్కగోడ సుమారు 86 మిల్లీమీటర్లు మాత్రమే. 185 వెడల్పు, 65 శాతం ఉన్న మామూలు టైరుకు 120 ఉంటుంది. అంత పొట్టి ప్రక్కగోడ రాతికీ రిమ్ముకూ నడుమ నలిగి తెగుతుంది, దెబ్బ బలంగా ఉంటే రిమ్ము వంగుతుంది. కనుక "చక్రమును వంపఁ గదలక" అని దిద్దుకుంటే గణాలు చెడవు, నిజమూ నిలుస్తుంది. రాతితో బ్రతికేవారి పద్యంలో రాయి తప్పు పని చేయకూడదని నా పట్టుదల.

దానికి అతని జవాబు: "గురువుగారూ, మీ సవరణ శిరోధార్యం. మా క్వారీలో లారీ టైరు కోసుకుపోవడమే నేను రోజూ చూస్తాను. అది మనసులో ఉండి అలా వ్రాశాను."

మూడవ పూరణ అద్దంకి సోదరీమణిది. క్రీ.శ. 848 నాటి, చాళుక్య సేనాని పండరంగని తరువోజ ఛందస్సు పద్యశాసనం దొరికిన ఊరినుండి వచ్చినందున ఆశతోనే చదివాను:

రాతి బాటను మందయె రాఁగ నెదుట
వంగి కొమ్ములు విసరఁగఁ, బ్రక్కఁ దొలఁగి
తాఁకకుండఁగ దాఁటెను తడఁబడుచును
రెండు గిత్తల, కోడెను రేసుకారు.

"గిత్తలకు ఓడెను" అన్నదాన్ని "గిత్తలను, కోడెను" అని విరిచి ఓటమినే మాయం చేసిన ఈ చమత్కారానికి చదవగానే చప్పట్లు కొట్టాను. అయినా అంగీకరించలేకపోతున్నాను. ద్వితీయలోని "గిత్తల" ద్రుతాంతం, అంటే చివర నకారం గలది (గిత్తలన్). దాని మీది పరుషానికి (క) సరళం (గ) వచ్చి "గిత్తలఁ గోడెను" కావాలి. సమస్యాపాదంలో ఒక్క అక్షరమైనా మార్చరాదు గదా! అమ్మా, ఈ విరుపు మీద మీకున్న చూపు అరుదైనది, మరొక దారిన ప్రయత్నించండి.

నెల్లూరు పెద్దలొకరు పూరణ పంపలేదు గాని, ఉద్యోగరీత్యా కొంతకాలం బెల్జియంలో ఉండి, అక్కడి రాతిదిమ్మెల వీధులలో మిత్రుని రేసుకారు నడిపిన అనుభవాన్ని వ్రాశారు. స్టీరింగు చేతిలో దడదడలాడుతుందట, వేగం పెంచితే చక్రం ఒక రాతినుండి మరొక రాతికి ఎగిరి పట్టు తప్పుతుందట. కార్ల తయారీదారులు తమ పరీక్షాస్థలాలలో "బెల్జియన్ పవే" పేరిట అచ్చంగా అటువంటి గతుకుల బాటను నిర్మించుకొని, కారు ఎముకలు ఎంతకాలం నిలుస్తాయో చూస్తారని ఆయన గుర్తుచేశారు. ఏళ్ల తరబడి చక్రాలు ఒరసిన రాళ్లు నున్నబడి, వాన కురిస్తే నూనె రాసినట్టు జారుతాయన్న ఆయన మాట కావలి మిత్రునికి పనికివచ్చింది.

ఆ మిత్రుని మొదటి పాదం "వాన తడిసిన రాళ్ళపై జాఱుచుండి" అని ఉండేది. గణాలు సరిపోయినా వా-జా లకు యతి కుదరదు. పైగా జారుతున్న కారు ఓడితే అందులో నడిపేవాని వివేకం ఏమున్నది? తానే తెలిసి నెమ్మదించాలని సూచించాను. రెండు రోజుల తరువాత ఇలా పంపారు:

వాన తడిసిన రాళ్ళపై వడిని మాని
యడుగడుగునను దూఁగుచు నాఁగి యాఁగి
వచ్చునంతలో గుడి చేరి వరుస నిలుచు
రెండు గిత్తల కోడెను రేసుకారు.

"వడిని మాని" అనడంతో యతీ నడిపేవాని తెలివీ ఒకేసారి కుదిరాయి. మూడవ పాదంలో గిత్తలు అప్పటికే గుడి ముందు నిలిచి ఉండగా, కారు ఇంకా వీధి మొదట ఊగుతూ వస్తున్నది. ఈ వారం నా మనసు దీనివైపే ఉన్నది.