శాలగ్రామం శాస్త్రీయ నామంలో కుండలీకరణాలు ఎందుకు?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
మా అవ్వ ముక్తినాథ్ యాత్ర నుంచి తెచ్చిన శాలగ్రామానికి ఉన్న పాత గంధం కడిగి చూస్తే, పగిలిన అంచు లోపల పక్కటెముకల్లాంటి గీతలతో చుట్ట తిరిగిన గవ్వ కనిపించింది. ఇటువంటి అమ్మోనైట్ (అంతరించిపోయిన చుట్టగవ్వ సముద్రజీవి) శిలాజాల గురించి చదువుతుండగా ‘బ్లాన్‌ఫోర్డిసెరాస్ వాలిచీ (గ్రే, 1832)’ అనే పేరు ఎదురైంది. ఆ ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం, అంటే పేరులోని మొదటి మాట) పేరు 1907 నాటిదని కూడా అక్కడే ఉంది. ప్రజాతికి పేరే లేని కాలంలో గ్రే ఈ జాతికి ఎలా పేరు పెట్టారు? ఆయన పేరు కుండలీకరణాల్లో ఎందుకుంది?

సమాధానం (అనంతపురం):
గ్రే పెట్టిన పేరు ‘అమ్మోనైటిస్ వాలిచీ’. ఆ రోజుల్లో ఇటువంటి చుట్టగవ్వ ఏది దొరికినా దాదాపుగా అమ్మోనైటిస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. తర్వాతివారు గీతల తీరు, చుట్ల అడ్డుకోత, లోపలి గదుల గోడలు గవ్వను తాకేచోట ఏర్పడే సంధిరేఖలు పరిశీలించి దానిని ఎన్నో ప్రజాతులుగా విడదీశారు. దత్తత పోయిన పిల్లవాడికి ఇంటిపేరు మారినా పెట్టిన పేరు మారనట్లే, జాతి మరో ప్రజాతికి మారినా ‘వాలిచీ’ నిలిచింది (ఇంటిపేరు ముందు రావడమూ మన పద్ధతే). మొదట పేరు పెట్టినవారు దానిని వేరే ప్రజాతిలో ఉంచారని ఆ కుండలీకరణాలు తెలుపుతాయి.

1907 సంగతి వేరు. ఊలిగ్ అనే శాస్త్రవేత్త 1905లో ఈ ప్రజాతిని ‘బ్లాన్‌ఫోర్డియా’ అన్నారు గాని, ఆ పేరు అప్పటికే ఒక నత్త ప్రజాతికి ఉంది. రెండు జంతు ప్రజాతులకు ఒకే పేరు చెల్లదు కనుక కాస్మన్ అనే మరో శాస్త్రవేత్త 1907లో దానిని బ్లాన్‌ఫోర్డిసెరాస్‌గా మార్చారు. ‘కెరాస్’ అంటే గ్రీకులో కొమ్ము.

సమాధానం (కర్నూలు):
పై వివరణ సరైనదే, కానీ మీ రాయికి ఆ పేరు తగిలించే ముందు ఆగండి. ఒకే జాతిలోని పెద్ద గవ్వకూ చిన్న గవ్వకూ, అంటే బహుశా ఆడ మగలకు, వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలున్నాయని 1960ల నుంచి బాగా చర్చకు వచ్చింది. మరొక మాట: మన వేంపల్లె రాళ్లలో చుట్టలు కనిపిస్తే అవి అమ్మోనైట్లు కావు, అక్కడి స్ట్రొమటొలైట్లు (సూక్ష్మజీవుల పొరలు పేరుకుని ఏర్పడిన రాతి నిర్మాణాలు) వాటికంటే వంద కోట్ల ఏళ్లకు పైగా పాతవి.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దంతో చూశాను. వెలుపలి అంచుకు చేరేసరికి ప్రతి గీతా రెండుగా చీలుతోంది. సంధిరేఖలు కనబడలేదు. పూజా వస్తువు కనుక గీకి చూడలేను.

సమాధానం (కర్నూలు):
గీకవద్దు. రెండుగా చీలే గీతలు బ్లాన్‌ఫోర్డిసెరాస్ కాలపు మరికొన్ని ప్రజాతులకూ ఉన్నాయి. ప్రస్తుతానికి ‘అమ్మోనైట్, ముక్తినాథ్’ అని చీటీ రాసి పెట్టుకోండి.