మారుత్ యుద్ధ విమానాన్ని దగ్గరగా చూడాలంటే బెంగళూరులో ఏ మ్యూజియం?

మారతహళ్లి అల్లుడు:
మా మామగారు వచ్చే వారం ప్రొద్దుటూరు నుంచి వస్తున్నారు. 76 ఏళ్లు. ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నప్పుడు జోధ్‌పూర్‌లో మారుత్‌లకు ఇంజిన్ పని చేశారు. "ఒకసారి దాన్ని చూపియ్యప్పా" అని ఫోన్‌లో రెండుసార్లు అడిగారు. ఏదీ రెండోసారి అడిగే మనిషి కాదాయన. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు హెచ్‌ఏఎల్ (మారుత్ తయారుచేసిన కంపెనీ) మ్యూజియమా, కస్తూర్బా రోడ్డు విశ్వేశ్వరయ్య మ్యూజియమా? మోకాళ్ల నొప్పులున్నాయి.

బసవనగుడి బాబు:
రెండుచోట్లా మారుత్ ఉంది బ్రదర్. కస్తూర్బా రోడ్డులో స్కూలు పిల్లల గోల ఎక్కువ. హెచ్‌ఏఎల్‌కే వెళ్లండి. ఎండలో నిలబడాలి, టోపీ, నీళ్లు మరవద్దు.

విమానపుర పాతకాపు:
హెచ్‌ఏఎల్‌కే, ఇంకో మాట లేదు. జర్మనీ డిజైనర్ కర్ట్ ట్యాంక్ ఈ ఊళ్లో కూర్చుని గీసిన విమానమది, 1961 జూన్ 17న ఇక్కడి రన్‌వే మీదే మొదటిసారి లేచింది. ఆడపిల్లను పుట్టింట్లో చూసినట్టుంటుంది. ఆ రోజు నడిపిన సురంజన్ దాస్ 1970లో మారుత్ కూలిపోయే పోయారు. పక్కనే ఆయన పేరిట రోడ్డుంది. రోజూ ఆ ట్రాఫిక్‌లో ఆ పేరు తలిచి తిట్టుకుంటాం, పాపం.

విమానం రూపం మాత్రం అద్భుతం. ధ్వనికి రెట్టింపు వేగం కోసం గీశారు, అంత బలమైన ఇంజిన్ దొరకలేదు. చివరికి రెండు ఆర్ఫియస్ ఇంజిన్లతో సరిపెట్టారు. ధ్వని వేగం దగ్గరే ఆగిపోయింది. ఒంగోలు గిత్తలు లాగాల్సిన బండికి దూడల్ని కట్టినట్టు. 147 తయారుచేసి ఆపేశారు.

లోపల హెచ్‌టీ-2 కూడా చూపించండి. 1951లో ఎగిరిన మన సొంత ట్రైనర్ (శిక్షణ విమానం), ఘటగే గారి డిజైన్.

మారతహళ్లి అల్లుడు:
నిన్న వెళ్లొచ్చాం. హెచ్‌టీ-2 వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా మారుత్ తోక దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రెండు గొట్టాలనే చూస్తూ నిలబడ్డారు. కుర్చీ తెప్పిస్తానంటే వద్దన్నారు. మోకాళ్ల మాటే ఎత్తలేదు.

మీ దూడల పోలిక చదివి వినిపించాను. ముఖం మాడ్చుకున్నారు. "ఆయప్పకు చెప్పు. 71 యుద్ధంలో కింద నుంచి కాల్పులు తగిలి ఒక ఇంజిన్ పోయినా, రెండో దాంతోనే ఇంటికొచ్చినాయి మారుత్‌లు. ఒక్కసారి కాదు, మూడుసార్లు" అన్నారు.

విమానపుర పాతకాపు:
ఒప్పుకున్నా. పెద్దాయనకు నమస్కారాలు చెప్పండి. దూడలు మంచివే.