పాత కార్బురేటర్: గాడి చెరిగిన పైలట్ జెట్, కదలని ఫ్లోట్ పిన్

పాతబండి:
ఏళ్ల తరబడి నిలిచిపోయిన మోటారుసైకిల్ కార్బురేటర్‌ను విప్పాను. పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రపు ఇత్తడి మరల్లో (జెట్లలో) మెయిన్ జెట్ సులువుగానే వచ్చింది కానీ, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే, లోతైన గొట్టంలో ఉన్న పైలట్ జెట్ కదలడం లేదు. అంతకుముందు ఎవరో సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పబోయినట్టున్నారు, గాడి ఒక పక్క పూర్తిగా చెరిగిపోయింది. పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలుడు బుడ్డి (ఫ్లోట్) ఊగే ఇరుసు, అంటే ఫ్లోట్ పిన్ కూడా బిగుసుకుపోయింది. బాడీ పాడవకుండా వీటిని తీసినవారు తమ అనుభవం చెప్పగలరు.

లేతుపని:
ముందు పిన్ను సంగతి చూడండి. జెట్ పోతే కొత్తది వేసుకోవచ్చు, పిన్నును మోసే చిన్న స్తంభం విరిగితే మాత్రం బాడీయే మార్చవలసి రావచ్చు. చాలా కార్బురేటర్లలో పిన్నుకు ఒక చివర కొంచెం లావుగా తల ఉంటుంది కాబట్టి, తల లేని చివర నుంచే నెట్టాలి. ఒక చెక్కముక్కకు రంధ్రం చేసి, పిన్ను తల ఆ రంధ్రంలోకి దిగేలా స్తంభాన్ని దానికి ఆనించి, సన్నని పంచ్‌తో మెల్లగా తట్టండి. ఆనిక లేకుండా కొట్టిన దెబ్బ మొత్తం ఆ స్తంభం మీదే పడుతుంది.

రెంచి:
సుత్తి పట్టే ముందు వేడి చూపించడం మేలు. అక్కడ పట్టి ఉంచేది తుప్పు కంటే ఎక్కువగా, ఎండి జిగురులా మారిన పెట్రోలే. బాడీలోని అల్యూమినియం లేదా జింకు మిశ్రమం ఇత్తడి కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక, వేడెక్కినప్పుడు జెట్ చుట్టూ పట్టు కాస్త సడలుతుంది. మరుగుతున్న నీటిలో ముంచినా, హీట్ గన్ వాడినా చాలు. గ్యాస్ మంట మాత్రం వద్దు, జింకు మిశ్రమపు బాడీలు 400 డిగ్రీల సెల్సియస్‌లోపే కరిగిపోతాయి. పెట్రోలు పూర్తిగా వంచేసి, రబ్బరు రింగులు, డయాఫ్రమ్, ప్లాస్టిక్ ఫ్లోట్ తీసేసిన తరువాతే, గాలి ఆడే చోట ఈ పని చేయాలి. వేడి మీద ఉండగా జెట్‌ను మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, ఆ తరువాత వదులు చేసే వైపు తిప్పి చూడండి.

చోక్‌మీట:
గాడి సగం మిగిలి ఉంటే స్క్రూడ్రైవర్ కొనను సానపట్టి, రెండు ముఖాలూ సమాంతరంగా, గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయేలా చేసుకోండి. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉండటం వల్ల, తిప్పిన కొద్దీ పైకి ఎగదన్ని ఇత్తడిని చెక్కేస్తుంది. అదీ కుదరకపోతే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ (గాడి చెడిన మరను లోపలి నుంచి పట్టి తిప్పి తీసే పనిముట్టు) దించడమే మార్గం.

లేతుపని:
మెలికలు తిరిగిన ఎక్స్‌ట్రాక్టర్‌తో నేను ఏకీభవించను. పైలట్ జెట్ గోడ పలుచన కాబట్టి, అది లోపలికి దిగే కొద్దీ జెట్‌ను ఉబ్బించి మరలకు ఇంకా గట్టిగా అదుముతుంది. పైగా గట్టి ఉక్కుతో చేసిన ఆ పనిముట్టు లోపల విరిగితే మామూలు డ్రిల్ దాని మీద పనిచేయదు. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ వాడండి, అది జెట్ వదులయ్యే వైపే తిరుగుతుంది. జెట్ మధ్యలో ఉన్న రంధ్రమే బిట్‌కు దారి చూపుతుంది, చాలాసార్లు డ్రిల్ చేస్తుండగానే జెట్ తిరిగి బయటికి వచ్చేస్తుంది. బిట్ మాత్రం మర లోపలి కొలత కంటే సన్నగా ఉండాలి.

చోక్‌మీట:
మెలికల రకం గురించి మీరు చెప్పింది నిజమే. నేను వాడేది నాలుగు పలకలది, దానిని చేత్తో అదిమి తిప్పుతాను, సుత్తితో దించను.

పాతబండి:
చెక్క ఆనించి తట్టగానే పిన్ను వచ్చింది. వేడినీళ్లకు లొంగని జెట్ ఎడమ బిట్‌తో తిరిగి బయటపడింది, మరలు చెక్కుచెదరలేదు. అయితే ఐడిలింగ్ మిక్చర్ స్క్రూ (బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మర) విప్పి చూస్తే దాని సూదికొన లేదు, లోపలి రంధ్రంలోనే ఇరుక్కుపోయి ఉంది.

రెంచి:
ఎవరో దానిని అడుగంటా బలంగా బిగించి ఉంటారు. ఆ రంధ్రాన్ని డ్రిల్ చేయకండి, అది కాస్త పెద్దదైనా ఐడిలింగ్ మిక్చర్ ఇక అదుపులోకి రాదు. క్లీనర్‌లో నానబెట్టి, గాలి వెళ్లే పెద్ద గొట్టం వైపు కనిపించే సన్నని రంధ్రం నుంచి పలుచని ఇత్తడి తీగతో వెనక్కి నెట్టండి. కొన బయటికి వచ్చాక స్ప్రింగు, వాషరు, రబ్బరు రింగు కూడా లోపల మిగలకుండా చూసుకోండి. చాలా వాటిలో ఈ మూడూ ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి, రింగు గోడకు అతుక్కుపోయి కంటికి కనిపించదు.