చెప్పినవారొకరు, రాసినవారొకరు: దాన్ని ఆత్మకథ అనవచ్చునా?

చర్చ ప్రారంభం

ఇంకొకరి చేత రాయించుకున్నది జీవిత చరిత్రే తప్ప ఆత్మకథ కాదని ఇక్కడ ఒక మిత్రులు అన్నారు. నేను ఏకీభవించలేను. 1965లో వెలువడిన, అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆత్మకథను చూడండి. 1963 నుంచి ఆయన రాత్రివేళల్లో న్యూయార్క్‌లో, ఆ పుస్తకం రాసిపెట్టిన రచయిత అలెక్స్ హేలీ గదికి వచ్చి మాట్లాడేవారు. మొదట్లో తాను పనిచేసిన నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం సంగతులు తప్ప సొంత విషయాలకు పెదవి విప్పేవారు కాదు. ఒక రాత్రి మాల్కం తల్లి గురించి హేలీ అడిగిన తరువాత, గదిలో అటూ ఇటూ తిరుగుతూ తెల్లవారేదాకా చెబుతూనే ఉన్నారు. అడిగే మనిషి లేకపోతే ఆ బాల్యం మనదాకా వచ్చేదా? రాతప్రతిని ఎర్రసిరాతో దిద్దింది కూడా మాల్కమే. పిల్లల్ని ఉద్దేశించి రాసిన 'కిడ్స్' అనే ఇంగ్లీషు మాటకు మేకపిల్లలని అర్థమంటూ, దాన్ని కొట్టివేసేంత పట్టింపు ఆయనది.

జవాబు

దిద్దిన మాట నిజమే కాని, అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూడలేదు. 1965 ఫిబ్రవరి 21న హత్యకు గురయ్యారు, పుస్తకం ఆ తరువాత వచ్చింది. అందులో చేరని ఒక అధ్యాయాన్ని న్యూయార్క్‌లోని షాంబర్గ్ పరిశోధన కేంద్రం 2018లో వేలంలో కొన్నది. కేరళలో సెక్స్ వర్కర్‌గా జీవించిన నళినీ జమీలా, వేరొకరి సాయంతో 2005లో వచ్చిన తన కథ తనకు తృప్తినివ్వక, మరో రూపంలో మళ్లీ వెలువరించారు. బతికి ఉన్నారు కనుక కాదనగలిగారు. మాల్కంకు ఆ వీలేది?

చర్చ ప్రారంభించినవారి సమాధానం

మీ ప్రశ్న బరువైనది, దాన్ని నేను తేలికచేయను. అయితే 1964లో నేషన్ ఆఫ్ ఇస్లాం అధినేత ఎలైజా ముహమ్మద్‌తో తెగిపోయాక, ఆయనను కీర్తించిన పాత అధ్యాయాలను మార్చాలని మాల్కం అనుకున్నప్పుడు, వద్దని నచ్చజెప్పింది హేలీయే. మాల్కం ఒప్పుకున్నారు. ఒక్కరే కూర్చుని రాసుకుని ఉంటే ఆ పాత భక్తి పుస్తకంలో మిగిలేది కాదని, ఆయన మారిన తీరు మనకు ఇంత స్పష్టంగా కనబడేది కాదని నా నమ్మకం.

రాసిపెట్టే రచయిత ఉండడాన్ని కాదు, ఆ రచయిత దాగి ఉండడాన్ని నేను తప్పుపడతాను. తాను చెప్పనిదేదీ ఉండకూడదని, ఉండాలన్నదేదీ పోకూడదని మాల్కం షరతు పెట్టారు. చివర తన మాటలు తాను రాసుకుంటానని, వాటిని మాల్కం దిద్దకూడదని హేలీ అడిగి ఒప్పించుకున్నారు. పాత అధ్యాయాల మీద వారిద్దరి మధ్య నడిచిన పెనుగులాట మనకు తెలిసింది ఆ చివరిమాటలోనే. చెప్పించి రాసే ప్రతి తెలుగు పుస్తకంలోనూ, ఎన్నాళ్లు మాట్లాడారో, ఏది ఎవరి కోరికపై తీసివేశారో చెప్పే అలాంటి పుటలు ఉండాలని ప్రచురణకర్తలను అడుగుదాం.