వరద సీను ఎందుకు తేలిపోయింది? గ్రాఫిక్స్ యాక్షన్ సినిమాని ఎలా తూచాలి?

అమలాపురం_ఫిల్మ్‌క్లబ్:
మా క్లబ్బులో ఒక భారీ గ్రాఫిక్స్ యాక్షన్ సినిమా మీద చర్చ పెడుతున్నామండి. పేరు చెప్పను, చెబితే ఇక్కడ ఫ్యాన్స్ గొడవ తప్ప ఇంకేం మిగలదు. మొదటి సగంలో అడవి ఫైటు, రైలు సీను అదిరిపోయాయి. క్లైమాక్స్‌లో డ్యామ్ తెగి ఊరి మీదకి నీళ్లొస్తాయి, హీరో వంతెన మీంచి దూకి విలన్‌ని పట్టుకుంటాడు. సరిగ్గా అక్కడే హాల్లో జనం నవ్వేశారు. డబ్బంతా పోసింది కూడా అక్కడేనని తెరమీద తెలిసిపోతోంది. "గ్రాఫిక్స్ బాలేదు" అని ఒక్క మాటలో తేల్చేయకుండా, ఏది నిలబడింది, ఏది ఎందుకు పడిపోయింది అని విడగొట్టి మాట్లాడాలంటే ఏం చూడాలి?

రోటో_టు_కాంప్:
ముందు నీళ్ల సంగతి. గోదారి జిల్లాల ప్రేక్షకుణ్ణి వరద విషయంలో మభ్యపెట్టడం కష్టం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఆ నీరు ఎర్రగా, చిక్కగా ఉంటుంది, వెలుతురు లోపలికి దిగదు, పైపొరలోనే చెదిరిపోతుంది. సీజీలో (కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో) మామూలు నీటి మెటీరియల్ పెట్టేసి రంగు మాత్రం కాస్త గోధుమకి తిప్పితే అద్దంలా మెరుస్తూ అడుగు కనిపిస్తుంది. డ్యామ్ తెగినట్టుండదు, టీ ఒలికినట్టుంటుంది.

రెండోది బొట్టు సైజు. నీళ్లెంత పెద్దవో కన్ను కొలిచేది బొట్లను బట్టే. ఇరవై మీటర్ల అల విరిగితే పైన తుంపర పొగలా లేవాలి. విడివిడిగా బొట్లు కనపడ్డాయంటే అది తొట్టిలో అలే. సీజీలో నీటిని చిన్న చిన్న గడులుగా విడగొట్టి దాని కదలికని కంప్యూటర్‌తో లెక్కగట్టిస్తారు, అదే సిమ్యులేషన్. సన్నటి తుంపర రావాలంటే ఆ గడి చిన్నది కావాలి. గడి కొలత సగం చేస్తే మూడు దిక్కులా కలిపి గడులు 8 రెట్లవుతాయి. టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య వ్యవధి) కూడా సగం చేయాలి కాబట్టి లెక్కలు దాదాపు 16 రెట్లు. క్లైమాక్స్ షాట్లు సాధారణంగా ఆఖర్న చేతికొస్తాయి, రిలీజ్ డేట్ మాత్రం జరగదు. కోత పడేది ఇక్కడే. ఖర్చు పెట్టినా పలచబడటానికి కారణం చాలాసార్లు టైమే.

రైలు సీను ఎందుకు నిలబడిందంటారా? సెకనుకి 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ అంటే ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు సేపు వెలుగు పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల రైలు ఆ కాసేపట్లో 35 సెంటీమీటర్లు కదులుతుంది. సీజీ బోగీ కూడా అంతే చెరిగినట్టు కనపడాలి. అది కుదిరిన సినిమాలో సగం రైలు లేదన్న సంగతే ఎవరికీ పట్టదు.

రోప్_పుల్లీ:
నీళ్ల సంగతి సరేగానీ, జనం నవ్వింది హీరో దూకడం చూసి. లెక్క వేయండి: వంతెన 20 మీటర్ల ఎత్తుంటే కిందపడటానికి 2 సెకన్లు, అంటే 48 ఫ్రేములు. నీటిని తాకేసరికి వేగం గంటకి 70 కిలోమీటర్లు. అదే దూకే షాట్ సెకనుకి 120 ఫ్రేములతో తీసి 24లో చూపిస్తే 10 సెకన్లు సాగుతుంది. సాగదీస్తే తప్పు లేదండి, స్లోమోషన్ మన హక్కు! కానీ హీరో అయిదు రెట్లు నెమ్మదిగా పడుతుంటే వెనక నీళ్లు మామూలు వేగంతో పరిగెడితే నవ్వే వస్తుంది. ఎడిటర్ ర్యాంప్ (షాట్ వేగం మారే భాగం) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే లాక్ చేసి సీజీ టీముకి ఇవ్వాలి. సిమ్యులేషన్ అయ్యాక ర్యాంప్ మార్చితే నీళ్లు మళ్లీ మొదటినుంచి చేయాలి, లేదా ఫ్రేములు సాగదీసి సరిపెట్టాలి. రెండోది చేశారంటే నురగ జిగురులా కనపడుతుంది.

రోప్ షాట్‌లో, అంటే నటుణ్ణి తాడుతో లాగి ఎగరేసే షాట్‌లో, చూడాల్సింది నడుము. మనిషి తనంతట తను ఎగిరితే ముందు మోకాళ్లు ముడుచుకుని పాదం నేలని తన్నాలి. రోప్ లాగితే నడుము ముందు లేస్తుంది, కాళ్లు వెనక వేలాడతాయి. తాడు చెరిపేయొచ్చు, ఆ వేలాడటాన్ని చెరపలేరు. అందుకే ఫైట్ మాస్టర్ ఒక అడుగు పరుగు పెట్టించి, అప్పుడు లాగిస్తాడు.

ఇంకోటి, దీనికి గ్రాఫిక్స్‌తో పనే లేదు. డ్యామ్ ఎటు, ఊరెటు, వంతెనెక్కడ అని ముందే ఒక్క వైడ్ షాట్ చూపించారా? అది లేకపోతే నీళ్లెంత వచ్చినా భయం వేయదు.

క్యాబిన్_నుంచి:
సినిమాని తిట్టేముందు ఏ షో చూశారో చెప్పండి. 2డీకి తెరమీద 14 ఫుట్ ల్యాంబర్టుల (తెర వెలుగుకి కొలత) వెలుగు ప్రమాణం. 3డీలో అద్దాల తర్వాత కంటికి చేరేది అందులో మూడో వంతుకన్నా తక్కువే. దానికి తోడు ప్రొజెక్టర్‌లో జినాన్ ల్యాంపు పాతబడితే రాత్రి వరద మొత్తం బురద ముద్ద. 3డీ కోసం వేసిన సిల్వర్ స్క్రీన్ మీద 2డీ వేస్తే మధ్యలో మెరుపు, అంచుల్లో చీకటి. హాల్లో ఓ పక్కగా కూర్చున్నవాళ్లకి ఆ సినిమా వేరే.

సౌండు కూడా. నీటి బరువు 120 హెర్ట్జ్ లోపల ఉంటుంది, సబ్ వూఫర్ పలకకపోతే వరద కాస్తా కుళాయి. మిక్సింగు ఫేడర్ (హాల్లో సౌండు పెంచే, తగ్గించే మీట) 7కి సరిచూసి చేస్తారు. గోల ఎక్కువైందని హాల్లో 5కి దించితే మొదట పోయేది ఆ అడుగు మోతే.

అమలాపురం_ఫిల్మ్‌క్లబ్:
2డీయేనండి, ల్యాంపు సంగతి కనుక్కుంటాం. రోటో గారూ, హీరోని గ్రీన్ మ్యాట్ ముందు తీసి అతికించారని పట్టుకోవాలంటే మామూలుగా వెలుగు దిక్కు చూడమంటారు కదా, కానీ క్లైమాక్స్ అంతా మబ్బు. ఏం చూడాలి?

రోటో_టు_కాంప్:
మబ్బులో నీడ దిక్కు వెతక్కండి, నలుపు చూడండి. దూరం పెరిగేకొద్దీ నలుపు పలచబడి ఆకాశం రంగులో కలవాలి. అవతలి గట్టున కొబ్బరి మొదళ్లు హీరో జుట్టంత నల్లగా ఉంటే లెక్క తప్పినట్టే. తర్వాత జుట్టు అంచున గ్రీన్ మ్యాట్ తాలూకు ఆకుపచ్చ జీర మిగిలి ఉండకూడదు, తడి చొక్కా మీద బూడిద రంగు ఆకాశం మెరుపు ఉండాలి. ఆఖర్న పాదాలు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి కాలి చుట్టూ ప్రవాహం చీలి, దిగువ వైపు సుడి కట్టాలి. కాళ్లు ఫ్రేములోకి రాకుండా నడుము పైనుంచే తీస్తూ పోయారంటే, ఆ సుడి చేసే తీరిక వాళ్లకి లేదనుకోవచ్చు.

రోప్ గారి మాటకి ఒక్క చేర్పు: నీళ్లు నెమ్మదిగా కనపడినంత మాత్రాన తప్పు కాదు. నిజం వరద కూడా దూరంనుంచి చూస్తే మెల్లగానే కనపడుతుంది, దగ్గరికొస్తేనే వేగం తెలుస్తుంది. వైడ్‌లో నెమ్మది, క్లోజప్‌లో జోరు ఉంటే మార్కులు వేయండి.

ఇవన్నీ ట్రైలర్ మీద మాత్రం పరీక్షించకండి. అందులో పూర్తికాని షాట్లే చాలాసార్లు వెళ్తాయి.